ఇప్పటి ఒపెరా, మ్యూజికల్ స్వరకర్తలు వందేళ్ళ తర్వాత కూడా వినిపిస్తారా?

మంద్రస్వరం:
పుచీని "తురందోత్" 1926 ఏప్రిల్ 25న మిలాన్‌లోని లా స్కాలాలో రంగస్థలం ఎక్కింది. జనంలో బతికిన ఒపెరా అక్కడితో ఆగిపోయిందనీ, ఆ తర్వాతవన్నీ మొదటి రాత్రి చప్పట్లతోనే సరి అనీ చాలామంది తేల్చేస్తుంటారు. అది తప్పని నా అభిప్రాయం. బ్రిటెన్ "పీటర్ గ్రైమ్స్" 1945 నాటిది, ఇవాళ్టికీ పెద్ద ఒపెరా హౌసులు వేస్తూనే ఉన్నాయి. మరి మన కాలం వాళ్ళ సంగతేమిటి? ఒపెరాలో ఫిలిప్ గ్లాస్, జాన్ ఆడమ్స్, జేక్ హెగీ, థామస్ అడెస్, జార్జ్ బెంజమిన్. మ్యూజికల్స్‌లో (మాటలూ పాటలూ కలిసిన నాటకాల్లో) లిన్ మాన్యుయెల్ మిరాండా, జీనీన్ టెసోరి, ఆడమ్ గెటెల్, జేసన్ రాబర్ట్ బ్రౌన్. 2021లో పోయిన సాండ్‌హైమ్‌నీ, 2023లో పోయిన కాయా సారియాహోనీ కూడా కలుపుకుందాం. వీళ్ళలో ఎవరి పని నిలుస్తుంది, ఎందుకు నిలుస్తుంది? "బాణీ బాగుంటే బతుకుతుంది" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, స్కోరు (స్వరాలన్నీ రాసి ఉన్న పుస్తకం) తెరిచి మాట్లాడుకుందాం.

తెరవెనుక:
మొదటి ప్రొడక్షన్ ఏదీ తేల్చదండి. కొత్త ఒపెరాకి రాయించేవాళ్ళిచ్చే కమిషన్ డబ్బు ఉంటుంది, "ప్రపంచంలో తొలిసారి" అనే పోస్టరు ఉంటుంది, విమర్శకులంతా వస్తారు. అసలు గండం రెండో ప్రొడక్షన్. దానికి ఆ గౌరవం దక్కదు, ఖర్చు మాత్రం అంతే.

ఇక్కడ ఒక తేడా చూడాలి. బెంజమిన్ "రిటన్ ఆన్ స్కిన్" 2012లో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఉత్సవంలో వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్, తులూజ్, లండన్, ఫ్లోరెన్స్ సంస్థలు ముందే భాగస్వాములు. అందువల్ల అదే సెట్టు, కేటీ మిచెల్ చేసిన అదే దర్శకత్వం ఊరూరా తిరిగింది. అది మంచిదే కానీ, ఆ తిరుగుడు లెక్క వేరు. మరో దర్శకుడు, మరో డిజైనర్, మొదటి ప్రదర్శనతో ఏ సంబంధమూ లేనివాళ్ళు స్కోరు అద్దెకు తెచ్చుకుని తమ సెట్టు తాము కట్టుకున్నప్పుడే ఆ పని సొంత కాళ్ళ మీద నిలబడిందని నేనంటాను.

ఆ కొలతతో చూస్తే హెగీ "డెడ్ మ్యాన్ వాకింగ్" అందరికన్నా ముందుంది. 2000 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలై, 2023లో మెట్రోపాలిటన్ ఒపెరా సీజన్ తొలిరాత్రికి చేరేసరికి 70కి పైగా ప్రొడక్షన్లు అయ్యాయి. సంగీతంలో కొత్తదనం తక్కువని దాన్ని తీసిపారేసేవాళ్ళు ఆ ముగింపు ఒకసారి వినాలి. మరణశిక్ష అమలవుతున్నంతసేపూ ఆర్కెస్ట్రా మౌనం. యంత్రాల చప్పుడు, గుండె కొట్టుకోవడాన్ని చూపే పరికరం శబ్దం, అంతే. అవి కూడా ఆగాక, ఆ ఖైదీకి తోడున్న సన్యాసిని సిస్టర్ హెలెన్ వాద్యమేమీ లేకుండా, నాటకం మొదట్లో పాడిన ప్రార్థనాగీతాన్నే మళ్ళీ అందుకుంటుంది. పెద్ద ఆర్కెస్ట్రా ఉన్న హౌసైనా, విద్యార్థుల బృందమైనా ఆ చోట ఒకే బలంతో నిలబడగలరు. ఎందుకంటే అక్కడ కావలసింది ఒక గొంతూ, ఒక నిశ్శబ్దమూ.

వయొలా పట్టీ:
తెరవెనుక గారి మాటకి ఇంకో ఉదాహరణ అడెస్. ఒకే స్వరకర్త, రెండు దారులు. "పౌడర్ హర్ ఫేస్" (1995) నలుగురు గాయకులు, 15 మంది వాద్యకారులతో అయిపోతుంది. చిన్న సంస్థలు కూడా ధైర్యం చేస్తాయి. "ది ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్" (2016) అలా కాదు. డజనుకు పైగా ప్రధాన గాయకులు దాదాపు ఆద్యంతం వేదిక మీదే ఉండాలి, పిట్‌లో (వేదిక ముందు వాద్యకారులు కూర్చునే గుంటలో) ఓండ్ మార్తెనో అనే ఎలక్ట్రానిక్ వాద్యం వాయించే మనిషి ఉండాలి, ఒక సొప్రానో (స్త్రీల గొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిది) హై సి దాటి దాని పైనున్న ఎ దాకా వెళ్ళాలి. 2017లో మెట్రోపాలిటన్ ఒపెరాలో పాడినప్పుడు ఆ వేదిక చరిత్రలోనే అంత పై స్వరం ఎవరూ పాడలేదని రాశారు. సంగీతం అద్భుతం, నాకు ప్రాణం. అయినా అలాంటి గొంతు దొరికితేనే ప్రదర్శన అంటే, ఆ ఒపెరా ఆయుష్షు ఒకరిద్దరు గాయనుల డైరీ మీద ఆధారపడినట్టే.

ఇది కొత్త కథ కాదు. మేయర్‌బేర్ "లే హ్యూగెనో" (1836) పారిస్ ఒపెరాలో 1000 సార్లకు పైగా ఆడింది. ఏడుగురు అగ్రశ్రేణి గాయకులు, భారీ కోరస్, బ్యాలే, నాలుగు గంటల నిడివి. అంత సరంజామాని మోసే డబ్బూ అభిరుచీ పోగానే రెపర్టరీలోంచి, అంటే సంస్థలు తరచూ వేసేవాటిలోంచి, జారిపోయింది. తన కాలంలో ఎంత ఆడిందన్నది హామీపత్రం కాదు.

గాత్రం:
ఖర్చు గురించి మీరిద్దరూ చెప్పింది ఒప్పుకుంటాను. కానీ కొత్త ఒపెరాలు జనానికి అంటకపోవడానికి అంతకన్నా దగ్గరి కారణం ఒకటుంది. మాట వినబడదు.

ఇందులో ధ్వనిశాస్త్రం ఉంది. సొప్రానో గొంతు స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) పై అంచు దాటాక, అంటే ఎఫ్, జి దగ్గర్నుంచి, పాడే స్వరం అచ్చుల మొదటి ఫార్మెంట్‌ని (ఏ అచ్చో చెవికి తెలిపే ప్రతిధ్వని స్థాయిని) మించిపోతుంది. అక్కడ "ఈ" అన్నా "ఊ" అన్నా చెవికి దాదాపు "ఆ"లాగే వినిపిస్తుంది. ఆ సంగతి మొజార్ట్‌కీ వెర్డీకీ అనుభవంతో తెలుసు. కథకు అవసరమైన మాటను మధ్యస్థాయిలో, ఆర్కెస్ట్రా తగ్గిన చోట ఒకసారి చెప్పించి, ఆ తర్వాతే అదే మాటను పైకి తీసుకెళ్ళేవాళ్ళు. పైన వినబడకపోయినా, అప్పటికే తెలిసిన మాట కాబట్టి నష్టం లేదు.

1983లో టొరంటోలో కెనడియన్ ఒపెరా కంపెనీ "ఎలెక్ట్రా"కి సర్‌టైటిల్స్ (వేదిక పైన తెర మీద పడే మాటలు) వేసింది. పదేళ్ళు తిరిగేసరికి ఆ పద్ధతి అంతటా పాకింది. ప్రేక్షకుడికి అది మేలే. కానీ స్వరకర్తలకి ఒక బద్ధకాన్ని అలవాటు చేసిందని నా గట్టి అభిప్రాయం. ఎలాగూ పైన అక్షరాలు పడతాయి కదా అని, కొత్త సమాచారమున్న వాక్యాన్ని నేరుగా పై స్వరంలో, ఇత్తడి వాద్యాల మీద పెట్టేస్తున్నారు. ప్రేక్షకుడి కళ్ళు తెర మీద, చెవులు అలిసిపోయి. అలా విన్న పాట ఇంటికి వెంట రాదు.

బెంజమిన్ దీనికి మినహాయింపు. "రిటన్ ఆన్ స్కిన్"లో పాత్రలు తమ గురించి తామే "అంటుంది", "అంటాడు" అని చెప్పుకుంటారు. మార్టిన్ క్రింప్ రాసిన ఆ వాక్యాలు పొట్టివి. వాటి కింద ఆర్కెస్ట్రాని బెంజమిన్ చాలాచోట్ల సన్నటి పొరగా ఉంచుతాడు. గ్లాస్ హార్మోనికా, వయోలా ద గాంబా లాంటి మెత్తని వాద్యాలు వాడటంలో విచిత్రం కోసం పాకులాట లేదు, గొంతుకి దారి ఇవ్వడం ఉంది. గాయకుడు అరవక్కర్లేకుండా మాట బయటికొస్తుంది. ఈ ఒపెరా ఉంటుందని నేను రాసిస్తాను.

రెండో అంకం:
గాత్రం గారు చెప్పిన మాట వినబడటమనే లక్షణమే మ్యూజికల్స్‌ని కాపాడుతోంది. అక్కడ మైకు ఉంది నిజమే, కానీ మైకు ఒక్కటే కాదు, పాట కట్టే తీరు కూడా.

"సెండ్ ఇన్ ది క్లౌన్స్" తీసుకోండి. 1973లో "ఎ లిటిల్ నైట్ మ్యూజిక్" రిహార్సళ్ళ చివరి దశలో సాండ్‌హైమ్ దాన్ని గ్లినిస్ జాన్స్ కోసం రాశాడు. ఆమె గొంతు బాగుంటుంది కానీ స్వరాన్ని ఎక్కువసేపు నిలబెట్టలేదు. అందుకని వాక్యాలన్నీ చిన్న ప్రశ్నలయ్యాయి, హల్లుల దగ్గర తెగిపోయేలా కట్టాడు, ఊపిరికి మధ్యమధ్య చోటిచ్చాడు. ఒక నటి పరిమితికి సరిపడా కత్తిరించిన ఆ పాటని తర్వాత సినాట్రా పాడాడు, జూడీ కాలిన్స్ పాడింది, ఇంకా ఎందరో పాడారు. ఎందుకు పాడగలిగారు? గొంతుని పరీక్షించే పాట కాదు అది, అర్థాన్ని మోసే పాట. పాత్ర తెలియకపోయినా ఆ తెగిపోయే వాక్యాల్లో ఒక మనిషి సిగ్గూ నొప్పీ వినబడతాయి.

అదే మనిషి "స్వీనీ టాడ్" (1979) రాశాడు. న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్వేలో 557 ప్రదర్శనలే. పెట్టుబడి మొత్తం తిరిగి రాలేదు. కానీ 1984లోనే హ్యూస్టన్ గ్రాండ్ ఒపెరా, న్యూయార్క్ సిటీ ఒపెరా దాన్ని ఎత్తుకున్నాయి. మొదటి ఆర్కెస్ట్రాలో 26 మంది. 2005లో జాన్ డోయిల్ బ్రాడ్వే ప్రొడక్షన్‌లో పదిమంది నటులే వాద్యాలూ వాయించారు. 2015లో ఇంగ్లిష్ నేషనల్ ఒపెరాలో బ్రిన్ టెర్ఫెల్ పాడాడు. 2023లో బ్రాడ్వేకి మళ్ళీ 26 మందితో వచ్చింది. పెంచినా తగ్గించినా ఎముకలు విరగలేదు. కారణం నాటకం మొదట్లో వచ్చే బల్లాడ్ పాట కింద దాక్కున్న "దియెస్ ఇరే" (చనిపోయినవాళ్ళ కోసం పాడే పాత లాటిన్ కీర్తన) స్వరం, దాని చుట్టూ అల్లిన హార్మొనీ. వాటిని పియానో మీద వాయించినా భయం తగ్గదు. నిలిచే స్కోరుకి నా మొదటి పరీక్ష ఇదే: ఆర్కెస్ట్రా మొత్తాన్ని ఒక్క పియానోకి కుదించినప్పుడు (పియానో రిడక్షన్‌లో) నాటకం మిగిలిందా లేదా?

మంద్రస్వరం:
ఆ పరీక్ష దగ్గర నాకు పేచీ ఉంది. సారియాహో "లాముర్ ద లువాఁ" (2000) పియానో మీద వాయిస్తే దాదాపు ఏమీ మిగలదు. ఆవిడ నాటకాన్ని పెట్టింది స్వరాల్లో కాదు, ధ్వని రంగులో. హార్ప్‌లు, తంత్రుల మెరుపు, దూరం నుంచి కోరస్, వాటిలో కలిసిపోయే ఎలక్ట్రానిక్స్. సముద్రం అవతలి ప్రేమ అన్న కథకి ఆ రంగే ప్రాణం. మీ పరీక్ష పెడితే డెబ్యుసీ "పెలెయాస్" కూడా సగం మార్కులతో బయటపడుతుంది. అది 1902 నుంచీ బతికే ఉంది కదా.

వయొలా పట్టీ:
మంద్రస్వరం గారితో ఏకీభవిస్తాను. ప్రాచీన ఈజిప్టు రాజు కథైన గ్లాస్ "ఆఖ్‌నాతెన్" (1984) కూడా అలాంటిదే. ష్టుట్‌గార్ట్‌లో పెద్ద ఒపెరా హౌసు మరమ్మతుల్లో ఉండటంతో చిన్న పిట్ ఉన్న నాటకశాలలో వేయాల్సి వచ్చింది. చోటు చాలక గ్లాస్ వయొలిన్లని పూర్తిగా తీసేశాడు. తంత్రి వాద్యాల్లో పైన నిలిచేది వయొలా, అంటే వయొలిన్ కన్నా కాస్త పెద్దది, కింది స్థాయిది. దానివల్ల ఆర్కెస్ట్రా అంతా ముదురు రంగు, రాతి గోడల లోపలి నుంచి వస్తున్నట్టు. ఆ చీకటి మీద కౌంటర్‌టెనర్ (స్త్రీల స్థాయిలో పాడే మగ గొంతు) పడేసరికి వెలుగు రేఖలా ఉంటుంది. పైగా ఆ గొంతుని గ్లాస్ వెంటనే ఇవ్వడు. రాజు కిరీటధారణ అంతా అయ్యాక, మొదటి అంకం మూడో దృశ్యంలో గానీ నోరు విప్పడు. అప్పటిదాకా చెవిని ఆకలితో ఉంచి అప్పుడు వడ్డిస్తాడు. మళ్ళీమళ్ళీ తిరిగే ఆర్పెజియోలే (విడివిడిగా మీటిన తీగస్వరాలే) కదా అని కొట్టిపారేసే పని కాదు ఇది.

వాయించేవాళ్ళ కష్టం కూడా చెప్పాలి. గ్లాస్ స్కోరులో స్వరాలు తేలిక, లెక్క కష్టం. ఒకే నమూనా ఆరుసార్లు తిరిగి, ఏడోసారి ఒక్క చిన్న స్వరం (ఎయిత్ నోట్) పెరుగుతుంది. ఒక్కరు లెక్క తప్పితే పట్టీ మొత్తం చెదురుతుంది, తిరిగి కలుసుకోవడానికి శ్రావ్యమైన గుర్తేదీ ఉండదు. విల్లు పట్టిన చెయ్యి పావుగంటలో బిగుసుకుంటుంది. అందుకే రిహార్సల్ గంటలు తక్కువున్న సంస్థలు దీన్ని పైపైన చదివి వేస్తే నీరసంగా వినిపిస్తుంది, తప్పు స్కోరుదనుకుంటారు.

తెరవెనుక:
ఒక సందేహం. 2016 తర్వాత "ఆఖ్‌నాతెన్"కి జనం విరగబడటానికి ఫెలిమ్ మెక్‌డెర్మట్ ప్రొడక్షన్ కారణమా, స్కోరా? అందులో వేదిక మీద బంతులు ఎగరేసి పట్టుకునే కళాకారులు లయని కంటికి కనిపించేలా చేశారు. అది పక్కకి తప్పుకున్నాక అంత ఆదరణ ఉంటుందా?

వయొలా పట్టీ:
లయ స్కోరులో ఉంది కాబట్టే బంతులు దానికి కుదిరాయండి. వేరే స్కోరు మీద అదే బంతులాట సర్కస్ అవుతుంది.

ఖాళీ పిట్:
మ్యూజికల్స్ నిలవాలంటే ఏం కావాలో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అక్కడ విధిని నిర్ణయించేది బ్రాడ్వే మాత్రమే కాదు, లైసెన్సింగ్ కూడా. మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్, కాన్‌కార్డ్ లాంటి సంస్థలు పాఠశాలలకీ ఔత్సాహిక బృందాలకీ పుస్తకాలు అద్దెకిస్తాయి. నటులకి మాటలు, గాత్రం ఉన్న పుస్తకం, సంచాలకుడికి పియానో కండక్టర్ స్కోరు, వాద్యకారులకి పార్టులు. ఒక పని తరాలు దాటేది ఈ డబ్బాల్లోనే.

జేసన్ రాబర్ట్ బ్రౌన్ "ది లాస్ట్ ఫైవ్ ఇయర్స్" చూడండి. 2002లో న్యూయార్క్ ఆఫ్-బ్రాడ్వేలో (బ్రాడ్వే కన్నా చిన్న నాటకశాలల్లో) రెండు మూడు నెలలకే మూతపడింది. కానీ ఇద్దరే నటులు, ఆరుగురే వాద్యకారులు: పియానో, గిటార్, బాస్, వయొలిన్, రెండు చెల్లోలు. చిన్న నాటకబృందానికి ఇంతకన్నా అనుకూలమైనది దొరకదు. అందుకే ఊరూరా వేశారు, వేస్తూనే ఉన్నారు, 2025లో బ్రాడ్వేకి కూడా వచ్చింది. అయితే మోసపోకండి, ఆ పియానో పార్టు చాలా కఠినం. ఎడమ చెయ్యి గ్రూవ్ ఆగకూడదు, కుడి చెయ్యి గాయకుడి మాటకి జవాబివ్వాలి, పైగా వాయించేవాడే తలతో సంచాలనం చెయ్యాలి. మామూలు తోడు పియానిస్టుని కూర్చోబెడితే రెండో పాటకే వేగం జారుతుంది. ముందు పియానిస్టుని వెతుక్కుని, ఆ తర్వాతే లైసెన్సుకి రాయాలి.

చెడేది ఎక్కడంటే, రెండు చోట్ల. ఒకటి రీడ్ పుస్తకాలు, అంటే క్లారినెట్ లాంటి ఊదే వాద్యాల పార్టులు. బ్రాడ్వే పార్టులో ఒకే మనిషి ఫ్లూట్, క్లారినెట్, ఆల్టో సాక్సోఫోన్ మూడూ మార్చి మార్చి వాయిస్తాడు. నాలుగు బార్ల విరామంలో వాద్యం మారాలి. బయట అలాంటివాళ్ళు దొరకరు, ఒక పుస్తకాన్ని ముగ్గురికి పంచితే పిట్‌లో చోటుండదు, ఒకడికే ఇస్తే సగం స్వరాలు ఎగిరిపోతాయి.

రెండోది ఎలక్ట్రానిక్స్. 1980ల స్కోర్లలో సింథసైజర్ శబ్దం పేరు మాత్రమే రాసి ఉంటుంది. ఆ మోడల్ యంత్రం ఇవాళ లేదు, ఉన్నా కార్ట్రిడ్జ్ చదవదు. ఇప్పటి మ్యూజికల్స్‌లో శబ్దాలు మెయిన్‌స్టేజ్ అనే సాఫ్ట్‌వేర్ ఫైళ్ళలో ఉంటాయి. కంప్యూటర్ మారితే, సాఫ్ట్‌వేర్ మారితే ఎవరో ఒకరు మళ్ళీ కట్టాలి. కొత్త ఒపెరాల్లో కంప్యూటర్‌తో అప్పటికప్పుడు గొంతుని మార్చే భాగాలు ఇంకా నాజూకు. ఆ ధ్వని ఎలా ఉండాలో స్కోరులో మాటల్లోనూ స్వరాల్లోనూ రాయకుండా ఫైలొక్కటే వదిలిపెట్టిన స్వరకర్త పని పాతికేళ్ళకే మూగబోతుంది. ధ్వనిని వర్ణించి, వీలైతే వాద్యాలతో ప్రత్యామ్నాయం కూడా రాసి ఉంచాలి. యువ స్వరకర్తలెవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఈ ఒక్క పని చెయ్యండి.

రెండో అంకం:
ఖాళీ పిట్ గారి మాటకి కొనసాగింపు. మ్యూజికల్స్‌కి ఇవాళ్టి ఒపెరాకి లేని ఇంకో వరముంది, తిరగరాసే అవకాశం. సాండ్‌హైమ్ "మెరిలీ వి రోల్ ఎలాంగ్" 1981లో 16 ప్రదర్శనలకే ఆగిపోయింది. 1985లో లా హోయాలో, 1992లో లెస్టర్‌లో పాటలు మార్చి, దృశ్యాలు మార్చి నిలబెట్టారు. 2023 బ్రాడ్వే రివైవల్‌కి 2024లో టోనీ అవార్డు వచ్చింది. అంతకన్నా ముందు పుచీని కూడా ఇదే చేశాడు. "మదామా బటర్‌ఫ్లై" 1904 ఫిబ్రవరిలో లా స్కాలాలో ఘోరంగా పడిపోయింది. భరించలేనంత పొడుగైన రెండో అంకాన్ని విడగొట్టి, కోతలు కోసి, మే నెలలో బ్రెషాలో వేస్తే నెగ్గింది.

ఇవాళ కొత్త ఒపెరా స్వరకర్తకి ఆ మూడు నెలలు ఎవరిస్తున్నారు? గాయకులతో కలిపి పూర్తి ఆర్కెస్ట్రాని వినేది చివరి రోజుల్లో. పది నిమిషాలు కొయ్యాలని తెలిసేసరికి టికెట్లు అమ్ముడైపోయి ఉంటాయి, మరుసటి సీజన్‌లో ఆ ఒపెరా ఉండదు.

గాత్రం:
అందుకే నాకు టెసోరి మీద ఆశ ఎక్కువ. "ఫన్ హోమ్" లాంటి మ్యూజికల్స్‌లో ప్రేక్షకుల ముందు కోసి అతికే విద్య నేర్చి, ఆ చేత్తోనే "బ్లూ" (2019) ఒపెరా రాసింది. అందులో మాట పడాల్సిన చోట ఆర్కెస్ట్రా తప్పుకుంటుంది. గెటెల్ కూడా రెండు వైపులా చెయ్యి తిరిగినవాడే. "ది లైట్ ఇన్ ది పియాజ్జా" (2005)లో హార్ప్, తంత్రులు ముందుండే ఆర్కెస్ట్రా, శిక్షణ ఉన్న గొంతులు కావాలి. సంగీత కళాశాలలకి అది సరిగ్గా సరిపోతుంది, అక్కడే అది నిలుస్తుంది.

మిరాండా "హామిల్టన్" గురించి నా భయం వేరు. పిట్‌లో పదిమందే, కాబట్టి ఖర్చు అడ్డు కాదు. కానీ ర్యాప్ ఒరవడి ఆ కాలపు పలుకుబడికి కట్టుబడి ఉంటుంది. రాతలో అక్షరాలూ లయా ఉన్నాయి, వెనక్కి లాగి ముందుకు తోసే ఆ పలుకు లేదు. వంద ఏళ్ళ తర్వాత నటులు దాన్ని రికార్డింగు విని నేర్చుకోవాల్సిందే.

మంద్రస్వరం:
రికార్డింగు ఉంది కదండీ, అదే ఈ కాలానికి దక్కిన అదృష్టం. హెండెల్‌కి అది కూడా లేదు. "రోడెలిండా" 1725 నాటిది, 1920లో గోటింగెన్‌లో మళ్ళీ లేపితే తప్ప ఆయన ఒపెరాల పునరుద్ధరణ ఊపందుకోలేదు. అలంకారాలు ఎలా పాడాలో పాత పుస్తకాలు తిరగేసి తిరిగి నేర్చుకున్నారు. ర్యాప్‌ని కూడా అలాగే శ్రద్ధగా నేర్చుకుంటారు.

కొత్తశ్రోత:
అందరికీ నమస్కారం. మొత్తం చదివాను. పాత ఒపెరాలు కొన్ని విన్నాను, కొత్తవి ఒక్కటీ వినలేదు. మూడు గంటలు ఒకేసారి కూర్చోలేను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తారా?

వయొలా పట్టీ:
రండి రండి. ముందు ఆడమ్స్ "డాక్టర్ అటామిక్" (2005) మొదటి అంకం ముగింపు వినండి. జాన్ డన్ కవితకి కట్టిన బారిటోన్ ఆరియా (మధ్యస్థాయి మగ గొంతు ఒంటరిగా పాడే పాట), పది నిమిషాల లోపే అయిపోతుంది. గొంతు నిదానంగా, దాదాపు బరోక్ విలాపంలా నడుస్తుంటే, మధ్యమధ్య ఆర్కెస్ట్రా ఉలిక్కిపడి పరుగెత్తుతుంది. ఆ రెండిటి మధ్య అణుబాంబు శాస్త్రవేత్త ఒప్పెన్‌హైమర్ నలిగిపోవడం వినండి. మొదటిసారి సర్‌టైటిల్స్ లేకుండా వినండి, రెండోసారి కవిత చేతిలో పెట్టుకోండి.

ఆ తర్వాత "ఆఖ్‌నాతెన్"లో సూర్యస్తుతి. ఆ ఒక్క పాటనీ ప్రేక్షకుల భాషలో పాడాలని గ్లాస్ రాసిపెట్టాడు, మిగతాదంతా ఎక్కువభాగం ప్రాచీన భాషల్లోనే. చిన్న స్పీకర్ల మీద వద్దు, కింది తంత్రులు వినబడవు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

గాత్రం:
మూడోది "రిటన్ ఆన్ స్కిన్". దీన్ని ముక్కలుగా వినొద్దు. గంటన్నర చిల్లరే, విరామం లేదు. లిబ్రెటో (ఒపెరా మాటల పుస్తకం) ముందు ఒకసారి చదువుకుని, ఆనెస్ అనే పాత్ర తన పేరుతో తనని పిలవమని అడిగే చోట గుర్తు పెట్టుకోండి. అక్కడికొచ్చేసరికి ఆర్కెస్ట్రా ఏం చేస్తోందో విని, మీకేమనిపించిందో ఇక్కడే రాయండి. నేను అదే చోటు స్కోరులో తీసి పెట్టుకుంటాను, బారు బారుగా చూద్దాం.